ఖాళీ కావలసిన పీపా

చీటీలు నాలుగూ బల్ల మీద విప్పి ఉన్నాయి. నాలుగింటి మీదా ఒకటే అంకె, మూడు.

మూడో గ్లాసు వైన్‌లో ఏముందో తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్క పెద్దకోడలే. పోసింది ఆమె, గ్లాసు అడుగున సుద్దముక్కతో అంకె వేసిందీ ఆమే. ఎగువ తోట మొండిది నూటికి ఎనభై పాళ్ళు, రాళ్ళ తోట మిరియం ఇరవై పాళ్ళు. దిగువ తోట మెత్తనిది చుక్క కూడా లేదు. ఆ మాట ఆమె పైకి చెప్పి ఐదు నిమిషాలైంది. ఈ ఐదు నిమిషాల్లో ఎవరూ కుర్చీ కదపలేదు.

దిగువ తోట మరిదిది. నాలుగో చీటీ కూడా మరిదిదే. అన్నిటికన్నా బాగుందని మూడోదాన్నే ఎంచి, తన తోటను సీసాలోంచి తానే గెంటేసుకున్నాడు, అదీ స్వదస్తూరీతో.

ఆ ఇంట్లో ద్రాక్షలను పుస్తకాల్లో ఉండే పేర్లతో ఎవరూ పిలవరు. కాబర్నే నాలుక మీద పట్టుబట్టి కూర్చుంటుంది కాబట్టి మొండిది. మెర్లో ఇట్టే లొంగిపోతుంది కాబట్టి మెత్తనిది. సిరా అనే రకం గొంతు దిగేటప్పుడు చురుక్కుమంటుంది, అంచేత మిరియం. మూడూ కలిస్తే ఆ ఇంటి ఎర్ర వైన్. సీసా మీద అంటించే కాగితంలో మూడు ఆకులుంటాయి, తోటకొకటి. ఆ కాగితాలు అచ్చయి వచ్చి అటక మీద కూర్చుని పది రోజులైంది.

రేపు పొద్దున ఏడింటికి సీసాల లారీ వస్తుంది. నింపే యంత్రం దాని వీపు మీదే ఉంటుంది. ఏడాదికి ఒక్కరోజే ఈ కొండవాలుకు వస్తుంది. ఆ రోజు తప్పితే మళ్ళీ ఏడాది పడిగాపులే. అంటే కలబోత ఇవాళే తేలాలి.

"ఇంకోసారి చూడు వదినా," అన్నాడు మరిది.

"నాలుగుసార్లు చూశాను."

"గ్లాసులు తారుమారై ఉంటాయి."

"నేను మార్చానంటావా?"

"నువ్వు మార్చావని ఎవరన్నారు? మారుంటాయి అన్నాను."

"వాటికి కాళ్ళొచ్చాయా?" అన్నాడు ఆమె భర్త. అని, తానే నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆ నవ్వును దగ్గులోకి దింపేశాడు. సీసాలు అమ్మేది ఆయన. సీసా కొన్నవాడికి నాలుగు మాటలు కొసరు వేసి పంపే రకం. ఇంట్లో మాత్రం ఆ కొసరు ఎప్పుడూ అక్కర్లేని చోటే పడుతుంది.

మరిది తన చీటీని మళ్ళీ చేతిలోకి తీసుకుని, వేరేవాళ్ళు రాసిన ఉత్తరం చదువుతున్నట్టు చూశాడు. "నాకు దాంట్లో నా తోట తగిలింది వదినా. నోట్లో పోసుకోగానే తగిలింది. ఆ ఏడు కోత ముందు మూడ్రోజులు వాన పడిందే, ఆ తడి వాసన. అందుకేగా మూడని రాశా."

"ఉందనుకుని తాగావు, ఉన్నట్టే అనిపించింది. ఎవరికైనా అంతే."

"నా పంట నాకు తెలీదా?"

"లేనిదాన్ని తెలుసంటే నేనేం చెయ్యను చిన్నా?"

ఆ మాట అన్నాక పెద్దకోడలికి నాలుక కరుచుకోవాలనిపించింది. కానీ ఐదు వారాలుగా రోజూ పొద్దున్నే పరగడుపున ఉమ్మి ఉమ్మి ఆ నాలుక కూడా విసిగిపోయి ఉంది. ఏ పాళ్ళలో కలిపినా మెత్తనిది మిగతా రెండింటినీ చప్పబరుస్తోంది. తోసుకొచ్చిన కోపమంతా ఆ మూడు రోజుల వాన మీద చూపించాలి. వాన దొరకదు కదా, దొరికింది మరిది.

"నా నోరే నా కొంప ముంచింది," అంది తోటికోడలు తలుపు దగ్గర్నుంచి. మరిది భార్య ఆమె. తోట పక్కనే ఎనిమిది బల్లల భోజనశాల నడుపుతుంది. తిండి లేకుండా వైన్‌ను తూచడం ఆ ఇంట్లో లేదు. ప్రతి గ్లాసు పక్కనా ఆమె వండిన ముక్క ఒకటి ఉండి తీరాలి. "నిప్పుల మీద కాల్చిన మాంసం ముక్క నమిలి మూడోది తాగాను. నోట్లో కొవ్వంతా కడిగినట్టు పోయింది. పుట్టగొడుగులతో తాగాను, ఇంకా బాగుంది. ముదిరిన చీజ్‌తో కూడా అదే. మిగతా గ్లాసులు మాంసం ముందు నోరెత్తలేదు. మా ఆయనది ఏదని ఒక్కసారి సైగ చేసుంటే ఏం పోయేది అక్కా?"

"సైగ చేస్తే ఇక పరీక్షెందుకే?"

"పరీక్ష ఎవరడిగారు? తిండి బాగుండాలన్నారు, చెప్పాను. ఇల్లు కూల్చమన్నారని నాకేం తెలుసు!"

మెత్తనిది పది పాళ్ళు పోసేద్దాం అన్నాడు భర్త. ఒక్క పది పాళ్ళు. ఎవరికి తెలుస్తుంది? ఆకులు మూడూ ఉంటాయి, అందరూ ఉంటారు.

"ఐదో గ్లాసు అదే," అంది పెద్దకోడలు. "సరిగ్గా పది పాళ్ళు. మీరు దాని పక్కన ఏం రాశారో చూసుకోండి."

భర్త తన చీటీ తిప్పి చూసుకున్నాడు. 'నీళ్ళు' అని రాసి ఉంది. చీటీని మెల్లగా బోర్లించాడు.

ఇంతసేపూ మామగారు కిటికీ పక్కనే కూర్చుని ఉన్నారు. ఈ తోటలు నాటింది ఆయన, ఈ పద్ధతి పెట్టిందీ ఆయనే. గ్లాసు కింద అంకె, చేతిలో చీటీ, పేరు చూడకుండా రుచి చూడటం. మామూలుగా అయితే ఈపాటికి నలభై ఏళ్ళ చరిత్ర మొదటి పేజీ నుంచి ఎత్తుకునేవారు. ఇవాళ ఒక్క మాటే అన్నారు.

"గ్లాసు చెప్పింది. ఇంకేముంది."

మరిది ఆయన వైపు తిరిగాడు. "అంతే కదూ నాన్నా? గ్లాసు చెప్తే చాలు. పదేళ్ళ కిందట మాత్రం గ్లాసుని అడగలేదే?"

పదేళ్ళ కిందటి మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు, ఎవరూ మరిచిపోలేదు కూడా. చెక్కపీపా తన వంతు వైన్‌ను తాను కాస్త కాస్త తాగుతుంది. ప్రతి శనివారం ఆ వెలితిని అంచుదాకా నింపాలి, లేకపోతే లోపల గాలి చేరి పులిసి పోతుంది. నింపేది కూడా అదే తోట వైన్ అయి ఉండాలి. అందుకని ప్రతి రకానికీ ఒక చిన్న తోడు పీపాను పక్కన పెట్టుకుంటారు. మామగారి మొదటి ఆజ్ఞ అది. ఒక శనివారం మొండిది తోడు పీపా మూత రాక, మరిది ఒక చెంబుడు మెత్తనిది పోసి నింపేశాడు. ఆయన చూశారు. తాళాలగుత్తి లాక్కున్నారు.

"పీపాలో దొంగచుక్క పోసినవాడు నా నేలమాళిగలో అడుగు పెట్టకూడదన్నావు," అన్నాడు మరిది. "పెట్టలేదు. తోటలోకి పొమ్మన్నావు, పోయాను. ఆ తోటలో నువ్వు ఇంతవరకూ గట్టు తొక్కలేదు. తీగ ఎలా ఉందో, కాయ ఎలా ఉందో ఒక్కసారి చూడలేదు. సీసాలో ఒక ఆకు ఉందిగదా అని నేనూ ఊరుకున్నా. ఇప్పుడు ఆ ఆకు కూడా పోయింది."

మామగారు కిటికీ బయటికి చూస్తూనే ఉన్నారు.

"సీసాలో లేని తోట భూమ్మీద మాత్రం ఎందుకు? భోజనాలవగానే ట్రాక్టరుకి గొలుసు కడతా. మొదటి వరస ఇవాళే పీకేస్తా. తర్వాత మేమిద్దరం మా దారి చూసుకుంటాం. వంట తెలిసిన మనిషికి ఎక్కడైనా పొయ్యి దొరుకుతుంది."

"ఒరేయ్, ఒరేయ్," అంటూ భర్త లేచేలోపు మరిది వాకిలి దాటాడు. కాసేపటికి వరండా మెట్టు మీద ఇనుపగొలుసు కుప్పగా పడేసిన చప్పుడైంది. తోటికోడలు మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళింది. ఆమె బదులు గిన్నెలు మాట్లాడటం మొదలుపెట్టాయి.

"నువ్వు కాస్త సర్ది చెప్పాల్సింది," అన్నాడు భర్త.

"ఏం సర్దాలి? నాలుకనా?"

"అది కాదోయ్. వాడి మనసు..."

"వాడి మనసు మీరు చూడండి. మామయ్యగారి పరువు మీరు చూడండి. సీసా మాత్రం నేను చూడాలి. అది బాగోకపోతే రేపు నలుగురిలో తిట్లు పడేది ఎవరికి? ఈవిడ కలిపిందట అని వేలెత్తి చూపించేది ఎవరిని?"

"ఇప్పుడు నేనేమన్నాననీ!"

"అదే నా బాధ. మీరెప్పుడూ ఏమీ అనరు."

ఆమెకు నిజంగానే ఒళ్ళు మండిపోతోంది. నిజం చెప్పమని పీట వేసి కూర్చోబెట్టేదీ వీళ్ళే, చెప్పాక ఆ పీట లాగేసేదీ వీళ్ళే. కొన్న సీసా మీద ఇంటి పేరు ఉంటుంది గానీ దాన్ని కలిపిన చేతి పేరు ఉండదు. తప్పు జరిగినప్పుడు మాత్రం ఆ చెయ్యి ఎవరిదో అందరికీ ఠక్కున గుర్తొస్తుంది. చీటీలు నాలుగూ పోగుచేసి కొంగున కట్టుకుని, కొలత బిందె పట్టుకుని ఆమె నేలమాళిగ మెట్లు దిగింది. అలిగినా, ఏడ్చినా, లారీ ఏడింటికి వస్తుంది.

మాళిగలో చలిగా ఉంది. మొండిది ఆరు పీపాలు ఎడమ గోడకు, మిరియం పీపాలు రెండు కుడి గోడకు, మెత్తనిది ఐదు పీపాలు వెనక వరసలో. ప్రతి పీపా ముఖం మీదా మామగారి సుద్దరాత. శనివారాలు ఆయన ఒక్కరే దిగుతారు. ఆ గంటసేపు మాళిగ తలుపు లోపల గడియ. ఎవరైనా సాయానికి వస్తామంటే కసురుకుంటారు. ముసలాయన చాదస్తమని ఇంటిల్లిపాదీ ఆ గంటను ఆయనకు వదిలేశారు.

ఆమె గాజుగొట్టంతో మొండిది ఒక్కో పీపాలోంచీ తీసి చూసుకుంటూ లెక్కవేసుకుంది. ఆరో పీపా అడుగున మడ్డి ఎక్కువగా ఉంది, ఆ అడుగుది పనికిరాదు. రెండు బిందెలు తక్కువ పడతాయి. ఫరవాలేదు, మొండిది తోడు పీపా ఉంది కదా. ఇరవై నెలలుగా అందులోంచే తీసి పోస్తున్నారు కాబట్టి దాదాపు ఖాళీ అయిపోయి ఉండాలి. అయినా అడుగున రెండు బిందెలు ఉండకపోవు.

మూలనున్న ఆ చిన్న పీపా దగ్గరికి వెళ్ళి, ఖాళీదాన్ని ఒంచినట్టే ఒక చేత్తో ఒంచబోయింది. అది కదల్లేదు.

రెండు చేతులూ వేసి తోసింది. కదల్లేదు. వేలు మడిచి తట్టింది. నిండుకుండ తొణకదంటారు, ఈ పీపా మోగలేదు కూడా. వంద లీటర్ల పీపా, అంచుదాకా నిండుగా ఉంది.

మూత చుట్టూ మైనం పోసి ఉంది. వారం వారం తెరవాల్సిన మూతకు మైనం ఎవరు పోస్తారు? గోటితో గీకి, మూత పైకి లాగింది. ఘాటు ముక్కు పుటాల్లో గుచ్చుకుని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపల ఉన్నది వైన్ కాదు, పులిసి వెనిగర్ అయిపోయింది. ఇవాళో నిన్నో పులిసింది కూడా కాదు.

మరి ఇరవై నెలలుగా, శనివారం శనివారం, ఆ ఆరు పీపాల్లో పోసిందేమిటి?

ఆమె మెత్తనిది వరస దగ్గరికి నడిచింది. తట్టి చూస్తే నాలుగు పీపాలు మోగలేదు. గోడవారగా ఉన్న ఐదోది డొల్లగా మోగింది. దాని వెనక గోనెపట్టాలు. పట్టాలు తొలగిస్తే ఇరవై లీటర్ల గాజు జాడీలు, పదకొండు. ఆరు నిండుగా ఉన్నాయి, ఐదు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ జాడీల మీద సుద్దగీతలు. వరసగా, నిలువుగా, ఒక్కో శనివారానికి ఒక్కో గీత. ఆ గీత గీసే చెయ్యి ఎవరిదో ఆ ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆమె అక్కడే తిరగేసిన బిందె మీద కూర్చుండిపోయింది. ఖాళీ అయిన ఐదు జాడీలంటే వంద లీటర్లు. వంద లీటర్ల మెత్తనిది మొండిది పీపాల్లో కలిసిపోయింది. నూటికి ఏడు పాళ్ళు. అంటే మూడో గ్లాసులో దిగువ తోట ఉంది. తక్కువగా ఉంది, సరిపడా ఉంది. ఐదు వారాలు తాను ఎన్ని గ్లాసుల్లో వెతికినా దొరకని పాలు అదే. పైనుంచి ఇంకా పోసినప్పుడల్లా చప్పబడిపోతోందంటే పడదా మరి!

చిన్నాడికి తగిలింది. చిన్నాడికి నిజంగానే తగిలింది. తానే నమ్మలేదు.

మెట్ల మీద కర్ర చప్పుడైంది. మామగారు సగం మెట్లలో ఆగి, తెరిచి ఉన్న పీపా మూతనూ, తొలగించిన గోనెపట్టాలనూ చూశారు. తర్వాత మిగతా మెట్లు దిగారు. 

"వాడకం మొదలుపెట్టకముందే పులిసింది," అన్నారు. "మూత నేనే సరిగ్గా బిగించలేదు. ఫోనేదో వస్తే పైకి వెళ్ళాను. మళ్ళీ వచ్చి బిగించానో లేదో గుర్తులేదు. వారం తర్వాత చూస్తే ఇదీ సంగతి."

"ఆ రోజే చెప్పి ఉండాల్సింది మామయ్యగారూ."

"ఏమని చెప్పను? మూత మూయడం మర్చిపోయే వయసొచ్చిందనా?"

"అదే చెప్పాలి. వేరే తోడు పీపా చూసుకునేవాళ్ళం."

"అప్పటికే మిగతావాటిలో వెలితి పడింది. ఆగితే ఆరూ పోయేవి. చేతికందింది పోశాను." ఆయన జాడీల వైపు చూడటం లేదు. "ఒక్క శనివారమే అనుకున్నా అమ్మాయ్. ఒక్కసారి పోశాక రెండోసారికి మనసు అడ్డు చెప్పలేదు."

"మరి ఈ గీతలెందుకు?"

"అలవాటు."

పెద్దకోడలికి ఆయన మీద జాలి వేసి ఉండేది. ఇంకో రోజైతే తప్పకుండా వేసేది. కానీ వరండా మెట్టు మీద గొలుసు పడి ఉంది.

"పొద్దున్న వాడు తన తోట తగిలిందన్నప్పుడు మీకు తెలుసు."

ఆయన కర్ర మొనతో గోనెపట్టాను మళ్ళీ జాడీల మీదికి తోశారు.

"అంతమందిలో వాడొక్కడే నిజం చెప్పాడు. నేను వాణ్ణి వెర్రివాణ్ణి చేశాను. మీరు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు."

"గ్లాసు బాగుంది కదమ్మా. నువ్వే చూశావుగా, అందరూ మూడే రాశారు. అలాగే ఎక్కించెయ్. సీసాలో వాడి తోట ఉండనే ఉంటుంది."

"ఉంటుంది. నాకూ మీకూ దేవుడికీ తెలుస్తుంది, వాడికి తప్ప."

"నేను పోయాక చెప్పు."

"తీగలు పీకేశాక ఎవరికి చెప్పమంటారు? మోళ్ళకా?"

ఆయన కర్ర మీద రెండు చేతులూ వేసి నిలబడ్డారు.   ఇన్నేళ్ళూ ఈ మనిషి గొంతు వింటే కొలత గ్లాసులు కూడా నిటారుగా నిలబడతాయని నవ్వుకునేవాళ్ళు. ఆ మనిషి ఇవాళ కోడల్ని బతిమాలుతున్నాడు. ఆమెకు అదీ నచ్చలేదు.

"మీ పరువు నా నోటితో తియ్యను," అంది చివరికి. "మాట ఇస్తున్నా. ఇంకో గంటలో భోజనాలు. మీరే చెప్పండి."

"చెప్పలేను."

"గంట టైముంది."

భోజనాల బల్ల దగ్గర ఆ గంట గడిచింది. తోటికోడలు కాల్చిన మాంసం, మిరియాలు చల్లిన పుట్టగొడుగులు, మెత్తగా ఉడికిన పప్పుగింజలు తెచ్చి పెట్టింది. పళ్ళేలు పెట్టిన తీరు చూస్తే తినండి అన్నట్టు లేదు, ఏడవండి అన్నట్టుంది. మరిది బూట్లు విప్పకుండానే కూర్చున్నాడు. వరండాలోని గొలుసు కనపడేట్టుగా కుర్చీ తిప్పుకున్నాడు.

"లారీ మేస్త్రి ఫోన్ చేశాడు," అన్నాడు భర్త. "రేపు పావుగంట ముందే వస్తాడట." ఎవరూ ఊఁ అనలేదు. "మంచిదే కదా, ముందొస్తే," అని తనకు తానే జవాబు చెప్పుకున్నాడు.

పెద్దకోడలు మామగారి వైపు చూసింది. ఆయన ఉప్పు అడిగారు. ఉప్పు ఇచ్చింది. మళ్ళీ చూసింది. ఆయన మాంసం ముక్కను చిన్న చిన్న ముక్కలు చేశారు, ఆ ముక్కలను ఇంకా చిన్నవి చేశారు. ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు. రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. రెండుసార్లూ నీళ్ళు తాగారు.

మరిది పళ్ళెం ఖాళీ అయింది. చెయ్యి తుడుచుకుని కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఒక్క నిమిషం కూర్చో," అంది పెద్దకోడలు.

ఆమె లేచి, తలుపు పక్కన తాను ముందే తెచ్చి గుడ్డ కప్పి ఉంచిన జాడీలను రెండు చేతులా తెచ్చింది. ఒకటి ఖాళీది, ఒకటి నిండుది. ఆ బరువుకి రొప్పుతూ రెండింటినీ బల్ల మధ్యలో పెట్టింది. నిండుదాని మూత తీసి ఒక గ్లాసులో నాలుగు గుక్కలు పోసి మరిది ముందుకు జరిపింది. మామగారికి ఇచ్చిన మాట ప్రకారం ఆమె నోరు విప్పి ఏమీ చెప్పలేదు. అడగనని మాత్రం మాట ఇవ్వలేదు.

"ఇది ఏ తోటదో చెప్పు."

"మళ్ళీ పరీక్షా వదినా? ఇంక చాలదూ?"

"చెప్పు చిన్నా. ఈసారి నువ్వు చెప్పింది నమ్ముతాను."

అతను విసుగ్గానే గ్లాసు ఎత్తాడు. వాసన చూశాడు. తాగలేదు, తాగక్కర్లేకపోయింది. "నాది. ఆ వాన కోత." అప్పుడు ఖాళీ జాడీ వైపు చూశాడు. దాన్ని దగ్గరికి లాక్కుని, దాని మీది గీతలను వేలితో ఒకటొకటే తాకుతూ పోయాడు. "పీపాలో ఉండాల్సింది జాడీలోకి ఎందుకొచ్చింది? ఇందులోది ఏమైంది?" ఏడో గీతో ఎనిమిదో గీతో దాటాక వేలు ఆగిపోయింది. తలెత్తి చూసింది వదిన వైపు కాదు.

తోటికోడలు గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో అలాగే నిలబడిపోయింది.

"మొండిది పీపాల్లో పోశాను," అన్నారు మామగారు. గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే భర్త ముందుకు వంగాల్సి వచ్చింది. "ప్రతి శనివారం. తోడు పీపా నా చేతుల్లోనే పులిసిపోయింది. పొద్దున్న నీకు తగిలింది నిజమే. మూడో గ్లాసులో నీ తోట ఉంది."

ఆయన నడుముకున్న తాళంచెవి తీయడానికి తడుముకున్నారు. ముడి వెంటనే రాలేదు. ఎవరూ సాయం చెయ్యలేదు. చివరికి తీసి, జాడీ పక్కన, మరిది చేతికి జానెడు దూరంలో పెట్టారు. నేలమాళిగ తాళంచెవి అది.

ఆకు మిగిలింది. తోట సీసాలోనే ఉంది. పెద్దకోడలు ఊపిరి పీల్చుకోబోయింది.

మరిది తాళంచెవిని ముట్టుకోలేదు. "ఒక్క చెంబు నాన్నా," అన్నాడు. "నేను పోసింది ఒక్క చెంబు."

మామగారు తల వంచుకున్నారు.

"పదేళ్ళు," అన్నాడు మరిది.  లేచి, వరండాలోకి వెళ్ళి, గొలుసును భుజాన వేసుకుని మెట్లు దిగాడు. ట్రాక్టరు రెండుసార్లు మొరాయించి మూడోసారి అందుకుంది.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు భర్త. ఆ ప్రశ్న తన తమ్ముణ్ణి అడగాలని గాని, తండ్రిని అడగాలని గాని ఆయనకు తోచలేదు. భార్యనే అడిగాడు. ఆమెకు ఆ క్షణంలో బల్ల మీది జాడీ ఎత్తి కింద పడేయాలనిపించింది. నిజం దాస్తే తోట పోతుందనుకుంది. నిజం బయటపడ్డాక కూడా ట్రాక్టరు కిందికే వెళ్తోంది.

దిగువ తోట మలుపు దగ్గర ఆ చప్పుడు ఆగింది. కాసేపు ఏమీ వినపడలేదు. ఆ తర్వాత ఇనుపగొలుసు నేల మీద పడింది. తీగకు కట్టడానికి దించాడో, ఇక అక్కర్లేదని విసిరేశాడో కిటికీలోంచి కనపడలేదు.

తోటికోడలు గరిటె బల్ల మీద పెట్టి బయటికి పరిగెత్తబోయింది.

"నువ్వాగు తల్లీ," అన్నారు మామగారు. బల్ల అంచు పట్టుకుని లేచారు. తాళంచెవిని తీసి గుప్పిట్లో పెట్టుకున్నారు. కర్ర కోసం చెయ్యి చాస్తే పెద్దకోడలు అందించింది. "ఎవరూ రాకండి."

పదేళ్ళుగా గట్టు తొక్కని మనిషి వరండా మెట్లు ఒకటొకటే దిగి, దిగువ తోట దారి పట్టారు.